చామదుంపకు స్నానం

సైప్రస్‌లో చామదుంపను చులకనగా చూడకూడదు. ఇక్కడ దాని పేరు కొలొకాసి. అరకిలో పైన తూగే దుంపలు మామూలే. సొతీరా అనే ఊళ్లో పండే కొలొకాసి పేరును ఇంకెవరూ వాడుకోకుండా యూరోపియన్ యూనియన్ 2016లోనే రక్షణ కల్పించింది. లోకమంతా ఎరిగిన హలూమీ జున్నుకు ఆ ముచ్చట 2021లో గాని తీరలేదు. ఆ లెక్కన దుంపే జున్నుకు అయిదేళ్లు పెద్ద.

ఇవేవీ మా ఆయనకు తెలియవు. తెలిసినా ఆగే మనిషి కాదు.

లార్నకాలో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో యజమానురాలు ఉంటారు. మనవలున్న ఆవిడ కాబట్టి వీధి వీధంతా యాయా అనే పిలుస్తుంది, మేమూ అంతే. ఈ దీవి 1960 దాకా బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలో ఉండటంతో ఆవిడకు వంటింటికి సరిపడా ఇంగ్లీషు వచ్చు. మొదట్లో ఒకసారి లూవీ పంపారు. బొబ్బర్లను లాహనా అనే ఆకుకూరతో కలిపి ఉడికించి, పైన పచ్చి ఆలివ్ నూనె పోసి, నిమ్మకాయ పిండుతారు. అంతే వంట. మా ఆయన గరిటె పెట్టి గిన్నె అడుగుదాకా గాలించారు, పోపు ఎక్కడైనా కిందికి దిగిపోయిందేమోనని. తర్వాత వేసవిలో గంగవాయిలి కూర వచ్చింది. మనం పప్పులో ఉడికించుకునే ఆ ఆకును వీళ్లు టమాటా, దోసకాయ ముక్కలతో పచ్చిగానే కలుపుకొని తింటారు. “పొయ్యి వెలిగించడానికి అంత బద్ధకమా?” అన్నారు. అన్నారే గాని గిన్నెలో ఒక్క ఆకు మిగల్చలేదు.

ఇక అసలు సంగతి. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు. మాంసం, గుడ్లు, పాలు ముట్టరు కాబట్టి యాయా కొలొకాసిని సెలెరీ, టమాటాలతో వండాలనుకున్నారు. శుక్రవారం సాయంత్రం ప్రార్థనకు వెళ్లాలి, దుంపలేమో మట్టితో అలాగే ఉన్నాయి. “చెక్కు నేను తీసి పెడతాను, మీరు నిశ్చింతగా వెళ్లిరండి” అన్నారు మా ఆయన. ఎవరూ అడగలేదు.

ఆవిడ గుమ్మంలో నిలబడి వేలు చూపిస్తూ చెప్పారు. ముందు తొక్కతో కడగాలి, గుడ్డతో తడి లేకుండా తుడవాలి, అప్పుడు చెక్కు తీయాలి. ఆ తర్వాత చుక్క నీరు తగలకూడదు. “నీళ్లు వద్దు నాయనా, నీళ్లు వద్దు!” గేటు దగ్గర ఆగి మరోసారి అరిచారు.

“గోదావరి జిల్లా వాడికి చామదుంపల పాఠం చెబుతున్నారు చూడు” అని నాతో అన్నారాయన. నిజానికి మన ఇళ్లలో దాన్ని తొక్కతోనే ఉడకబెట్టి తర్వాత ఒలుస్తాం. పచ్చి దుంపకు చెక్కు తీయడం ఆయనకు అదే మొదలు. తీశాక, తెల్లటి దుంప మీద చేతి మట్టి మరకలు కనిపించాయి. “కడగని కూర వండితే మా అమ్మ గడప తొక్కనిస్తుందా?” అంటూ దుంపలన్నిటినీ నీళ్ల తొట్టిలో వేసేశారు.

నీళ్లు తగిలిన చామ ఊరుకుంటుందా? చేయి పైకి తీస్తే వేళ్ల మధ్య జిగురు తీగలు సాగాయి. మొదటి దుంప చేతిలోంచి జారి, గచ్చు మీద గిరగిరా తిరుగుతూ ఫ్రిజ్ కిందికి దూరింది. రెండోది తలుపు దాటి మెట్ల మీదుగా పెరట్లోకి వెళ్లింది. ఈ దీవిలో పిల్లులకు కొదవ లేదు. నాలుగైదు చేరి వాసన చూసి, మా వైపు జాలిగా చూసి వెళ్లిపోయాయి. ఇంతలో దురద మొదలైంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ దుంపా, కత్తీ సుఖంగానే ఉన్నాయి, దురదంతా ఈయనదే. ఊరి నుంచి తెచ్చి దాచుకున్న చింతపండు మోచేతుల దాకా పూసుకున్నారు. ఆ చేత్తోనే ముక్కు గోక్కున్నారు. ఆ ముక్కు గురించి ఇక చెప్పను.

యాయా వచ్చారు. తొట్టి వైపు చూసి సిలువ గుర్తు వేసుకున్నారు. మాటా పలుకూ లేకుండా ఒక్కొక్క దుంపనూ తువ్వాలుతో ఒత్తారు. కత్తి మొన దిగేసి మెలిపెట్టగానే ముక్క టప్పున విరిగింది. నున్నగా తరిగితే జిగురు ఎక్కువ వస్తుందని, అందుకే విరవాలని ఆవిడ అంటారు. కానీ అప్పటికే చేయి దాటిపోయింది. నూనెలో వేయగానే ముక్కలన్నీ ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి. రెండు నిమ్మకాయలు పిండినా విడిపోలేదు. గరిటె గిన్నెలో నిటారుగా నిలబడింది.

మా ఆయన తల వంచుకొని నిలబడ్డారు, తిట్లు పడతాయని. యాయా కళ్లు మూసుకొని ఊపిరి పీల్చి, “ఉపవాసాల్లో కోపగించుకోకూడదు. ఈస్టరు అయ్యాక మాట్లాడతాను” అన్నారు.

ఇరుగుపొరుగుకు చెప్పకూడదన్న నియమం ఉపవాసాల్లో లేదు కాబోలు. మర్నాడు కూరల కొట్టాయన సెలెరీ కట్ట ఇస్తూ, మా ఆయన వైపు చూసి గాల్లో కుళాయి కట్టేసినట్టు చేయి తిప్పాడు.

కొన్నాళ్లకు మా ఆయన గోడ మీది తెలుగు క్యాలెండర్ చూసి, “ఈస్టరు వెళ్లిపోయింది, ఆవిడ మరిచిపోయినట్టున్నారు” అని హుషారుగా కిందికి దిగి పలకరించి వచ్చారు. ఇక్కడివాళ్లది ఆర్థడాక్స్ లెక్క అనీ, ఈసారి వాళ్ల ఈస్టరు ఇంకా రానే లేదనీ నేను చెప్పలేదు.