హాబీ లేనోళ్ళకి మోక్షం లేదంట

భక్తి నిలవాలన్నా, ఒంటికి రెస్ట్ దొరకాలన్నా, ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్నా మనిషికి ఒక హాబీ ఉండి తీరాలని ఈ మధ్య ఒకాయన కల్యాణమండపంలో మైకు పట్టుకుని రెండు గంటలు చెప్పిపోయినాడు. ఆయన పోయినాడు గానీ మా అపార్ట్‌మెంట్‌లో అప్పట్నించి భక్తీ లేదు, రెస్టూ లేదు, మాట్లాడుకోవడం అంతకన్నా లేదు. అందరూ హాబీల్లో బిజీ.

నేను హాబీలకి వ్యతిరేకిని కాదు సామీ. అసలు తిరుపతిలో ఇల్లుండేవాళ్ళకి చుట్టాలకి దర్శనం టికెట్లు బుక్ చేసే హాబీ పుట్టుకతోనే వస్తాది. 300 రూపాయల టికెట్ల కోటా వదిలే రోజు పొద్దున పది కొట్టేలోపు మన ఫోను, ఆఫీసు లాప్‌టాపు, పక్కింటి పిల్లోడి ఫోను మూడూ ముందర పెట్టుకుని ఓటీపీ కోసం గోవిందా గోవిందా అనుకుంటా కూర్చుంటామే, అంత ఏకాగ్రత గుళ్ళో కూడా రాదు. బంధుత్వాలు కూడా దీంతోనే బలపడతాయి, హైదరాబాద్‌లో ఉండే పెదనాయన కొడుకు ఏళ్ళ తరబడి ఫోన్ చేయనోడు సడన్‌గా "ఏం తమ్ముడూ, పిన్నమ్మ ఆరోగ్యం ఎట్లుంది" అన్నాడంటే కోటా వదిలే తేదీ దగ్గరపడిందని అర్థం.

ఇప్పుడు హాబీలు పెట్టుకున్నోళ్ళ సంగతి. మా మూడో ఫ్లోర్ సార్ వారానికోసారి భార్యతో కలిసి అలిపిరి మెట్లు ఎక్కడం మొదలుపెట్టినాడు. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు, భక్తికి భక్తి, కాపురానికి కాపురం. ఆమె పాపం మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ పెడతా వస్తాంటే, ఈయన పది మెట్లు పైన నిలబడి చేతికున్న వాచీ చూసుకుంటా "కొంచెం ఫాస్ట్‌గా పెట్టవే, నా స్పీడు పడిపోతాంది" అంటాడంట. ఆమె తలెత్తకుండానే "నువ్వు పోబ్బా, నేను సామి కోసం వచ్చినా, నీ గడియారం కోసం కాదు" అనిందంట. ఈయన గాలిగోపురం దగ్గర కారం చల్లిన దోసకాయ ముక్కలు తింటా ఆమె కోసం కూర్చుంటే, మనిషి కదలడం లేదని వాచీ లెక్క దానంతట అదే ఆపేసింది. దాంతో ఆయనకి బీపీ. అది చాలదన్నట్టు మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళతో ఎక్కితే ఆ వాచీ దాన్ని నడక కింద జమకట్టలేదంట, కిందికి దిగి మళ్ళా కాళ్ళతో ఎక్కినాడు. ఆ కొండని కాలితో తొక్కకూడదని రామానుజాచార్యులు మోకాళ్ళతో ఎక్కినారని పెద్దోళ్ళు చెప్తారు, ఆ కాలంలో వాచీలు లేవు కాబట్టి సరిపోయింది.

రెండో ఫ్లోర్ పెద్దాయన బ్యాంకులో రిటైరయినాడు. ఆయన హాబీ గోవింద నామం రాయడం, కాకపోతే రాసేది మనవడు. 2023లో టీటీడీ వాళ్ళు గోవింద కోటి అని ఒకటి చెప్పినారు కదా, పాతికేళ్ళ లోపు పిల్లకాయలు కోటిసార్లు రాస్తే ఇంటిల్లిపాదికీ ఒకసారి బ్రేక్ దర్శనం, 10,01,116 సార్లు రాస్తే రాసినోళ్ళకి దర్శనం అని. మంచి ఉద్దేశమే, కాదనను. పెద్దాయన మాత్రం జన్మంతా వడ్డీలు లెక్కగట్టిన మనిషి, ఇంటిల్లిపాదికీ అనే మాట వినపడంగానే క్యాలిక్యులేటర్ తీసినాడు. నామానికి మూడు సెకన్లు, గంటకి 1,200, రోజుకి రెండు గంటలు, కోటి అయ్యేదానికి పదకొండేళ్ళు దాటతాది. మనవడికి ఇప్పుడు 14. అంటే ఆఖరి పుస్తకం మూసేసరికి వాడికి పాతికేళ్ళు నిండి నాలుగైదు నెలలయ్యుంటాది, కష్టమంతా నీళ్ళపాలు. ఇంకేముంది, సాయంత్రం క్రికెట్ కట్, ఆ గంట కూడా రాతకే. క్రికెట్ హాబీ కాదంట, టైమ్ వేస్టంట. ఆ పిల్లోడు లిఫ్ట్‌లో వేళ్ళు విరుచుకుంటా నన్నడిగినాడు, "అంకుల్, నడిచి పోయేవాళ్ళకి టోకెన్లు ఇస్తారు కదా, మా తాత నడవచ్చు కదా" అని.

రెస్ట్ కోసమేమో పొద్దున ఐదుకి టెర్రస్ మీద ధ్యానం క్లాసు. రాకపోతే 50 రూపాయలు ఫైన్. నేనేం అనలేదు, ఎందుకంటే మనం ఉండేది ఎవరి ఊర్లో? రద్దీ రోజుల్లో కొండమీద ఆయనకి ఏకాంతసేవ జరిగేసరికే అర్ధరాత్రి దాటిపోతాది, అన్నమయ్య వంశం వాళ్ళు లాలి పాడి, తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతి అయ్యి తలుపులు మూస్తే, మూడింటికల్లా సుప్రభాతం పాడి మళ్ళా లేపేస్తారు. ఆయనకే అంత నిద్రయితే కింద మనకెంత రావాలో మీరే లెక్కేసుకోండి.

నేను చూసినంతలో రెస్ట్ అనేది సక్రమంగా తీసుకున్న మనిషి మా అవ్వ ఒక్కతే, అదీ చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం భారతం జరిగేటప్పుడు. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రంతా నాటకం. చాప, దుప్పటి, చెంబుతో నీళ్ళు తీసుకుని ముందు వరసలో చోటు పట్టేది, ఆ చోటు కోసం ఎదురింటామెతో ఒక చిన్న కురుక్షేత్రం కూడా నడిపేది, తీరా వినాయకుడి ప్రార్థన అయ్యేలోపే గురక. జూదం సీను ఒక్క ఏడాదీ పూర్తిగా చూసి ఉండదు. ఆఖరి రోజు మట్టితో చేసిన అంతపెద్ద దుర్యోధనుడి బొమ్మ తొడమీద భీముడు గద ఎత్తేటప్పుడు మాత్రం జనాన్ని తోసుకుని ముందర నిలబడి "ఇంకోటి ఎయ్యబ్బా" అని అరిచేది. దీన్ని హాబీ అని ఎవరన్నా అనుంటే ఆ చెంబుతోనే కొట్టుండేది.

ఇంక రిలేషన్స్. దీనికి కోలాటం టీమ్ పెట్టినారు, భార్యాభర్తలు జంటగా ఆడాలంట, టార్గెట్ ఏకంగా బ్రహ్మోత్సవాల్లో మాడవీధులు. మొదటి వారమే ఎవరి కర్ర ఎవరి వేలికి తగిలిందనే దానిమీద రెండు కుటుంబాలకి మాటల్లేవు, ఒక జంటకి ఇంట్లో కూడా మాటల్లేవు. నేను సెక్రటరీని పిలిచి చెప్పినా, ఏం నాయనా, మనకి తాతయ్యగుంట గంగజాతర ఉండాది కదా, ఒంటికి కుంకుమ పూసుకుని బండ వేషం, బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టి రోడ్డుమీద కనపడినోళ్ళని నోటికొచ్చినట్టు బూతులు తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోరు, తిట్టినోడికి మొక్కు తీరతాది, తిట్టించుకున్నోడికి మంచి జరుగుతాది, ఇంతకన్నా గొప్ప కౌన్సిలింగ్ యాడన్నా ఉందా అని. సెక్రటరీ నిదానంగా విని, "మన అసోసియేషన్ మీటింగుల్లో నెలనెలా జరిగేది అదే కదా సార్, వేషం ఒక్కటే తక్కువ" అన్నాడు.

ఆయన చంకలో ఒక రిజిస్టర్ కూడా ఉండాది. ఫ్లాట్ నంబరు, హాబీ, పక్కన మూడు గళ్ళు: భక్తి, రెస్ట్, బంధం. ఏ హాబీ దేనికి పనికొస్తాదో టిక్ పెట్టుకుంటా తిరగతా ఉండాడు. "మీదేంది సార్?" అన్నాడు.

"రాత్రి అన్నం తిన్నాక కింద గేటు పక్కన పిట్టగోడ మీద కూర్చుంటా. వాచ్‌మన్‌తో మాట్లాడతా."

"ఏం మాట్లాడతారు?"

"కొండమీద జనం ఎంతుండారంట, వాన వస్తాదా రాదా, ఇట్లాంటివే."

పెన్ను మూడు గళ్ళమీదా తిప్పినాడు, కొండ అనే మాట ఉంది కాబట్టి భక్తి గడిలో పెట్టబోయి ఆగినాడు, తర్వాత రిజిస్టర్ మూసేసి, "ఆ గోడకి కొత్తగా పెయింట్ వేయించినాం సార్, కూర్చోకూడదని బోర్డు కూడా పెట్టినాం, చూళ్ళేదా?" అన్నాడు.