కలయాన్ మునిసిపాలిటీ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కలయాన్ మునిసిపాలిటీ వారికి,

ఉభయకుశలోపరి. మీ దీవులు మావంటే మావని చైనా, తైవాన్, వియత్నాం కూడా మీ యోగక్షేమాలు విడవకుండా కనుక్కుంటున్నాయి కాబట్టి ఆ లోటేమీ ఉండదు.

ఏ ఊరికైనా ముందు జనం చేరతారు, తర్వాత పేరు పడుతుంది, ఆఫీసులు చివర్లో వస్తాయి. ఫిలిప్పీన్స్‌లో మీకు అంతా తిరగేసి జరిగింది. టోమస్ క్లోమా అనే లాయరు, చేపల వ్యాపారి, 1956లో దక్షిణ చైనా సముద్రంలోని మీ దీవుల గుంపును 'ఫ్రీడమ్‌ల్యాండ్' అని ప్రకటించేశారు. ఎవరినీ అడగలేదు. అడగడానికి అక్కడ మీ ఊరివాళ్లంటూ ఉంటే కదా! ఆయన్ని 'అడ్మిరల్' అని కూడా పిలిచారు.

ఆ బిరుదే కొంప ముంచింది. మార్షల్ లా రోజుల్లో, లేని సైనిక హోదా చెప్పుకుంటున్నాడని ఆయన్ని జైల్లో పెట్టారు. 1974లో దీవుల మీద తన హక్కులన్నీ ప్రభుత్వానికి రాసిచ్చారు. ఒక్క పెసోకి. ఆ ధరకి మా దగ్గర స్టాంపు కాగితం కూడా రాదు.

ఇక అప్పటి అధ్యక్షుడు మార్కోస్ గారి డిక్రీ (ఉత్తర్వు) నంబరు 1596. ఎవరు రాశారో గానీ చేతికి దండం పెట్టాలి. ఈ ప్రాంతం చట్టరీత్యా ఏ దేశానిదీ కాదని అందులోనే ఒప్పుకుని, చరిత్ర రీత్యా, అవసరం రీత్యా మాది అనేశారు. మా ఊళ్లో పక్కవాడి గట్టు జరిపేవాళ్లు కూడా ఇంత ధీమాగా మాట్లాడరు. అలా మీరు పలావాన్ రాష్ట్రంలో ఒక మునిసిపాలిటీ అయ్యారు. పేరు కలయాన్, అంటే స్వేచ్ఛ. సంతకం పడింది 1978 జూన్ 11న, స్వాతంత్ర్య దినోత్సవానికి సరిగ్గా ఒక్కరోజు ముందు. ముహూర్తం కుదిరింది!

ఎన్నికలు జరిగేదాకా, అత్యవసర పరిస్థితి ఉన్నన్నాళ్లూ, స్వేచ్ఛ పరిపాలన ఎవరి చేతిలో? రక్షణ మంత్రి చేతిలో. ఇదీ డిక్రీలోనే ఉంది. పేరేమో స్వేచ్ఛ, తాళాలేమో మిలటరీ దగ్గర.

జనం సంగతి? పౌరులు కాపురానికి వచ్చింది 2002లో. 2020 లెక్కల్లో 193 మంది. మీ పగాసా దీవి ఓ 37 హెక్టార్లు, దానికో రన్‌వే. 2012లో బడి కూడా వచ్చిందట, సంతోషం.

నాదొక చిన్న మనవి. క్లోమా గారికి ఇచ్చిన ఆ పెసోకి రసీదు ఏదైనా మీ రికార్డుల్లో ఉంటే, ఫ్రేము కట్టించి మునిసిపల్ హాల్లో తగిలించండి. ఫ్రేము ఖర్చు నేనిస్తాను.

ఇట్లు,
ఊరి పేర్ల పిచ్చి ఉన్న ఒక తెలుగువాడు