సవరణ: నాలుగేళ్లకే గుణింతాలు అవసరం లేదు

గత వారం పోస్టులో "నాలుగేళ్లు నిండేసరికి పిల్లలకు గుణింతాలు రాయడం వచ్చి తీరాలి" అన్నాను. అది తప్పు. చదివి కంగారుపడిన తల్లిదండ్రులు మన్నించాలి.

ఆ వయసులో వేళ్లకు పట్టు ఇంకా కుదరదు. గోడ మీది పిచ్చిగీతలే రాతకు తొలిమెట్టు, వాటిని చూసి కోప్పడకండి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసేందుకు 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ సైతం అర్థం చేసుకుంటూ చదవడానికి మూడో తరగతి చివరి వరకు సమయమిచ్చింది.

మొన్న మెహిదీపట్నం బస్సు బోర్డు చూసి మా మేనకోడలు "అత్తా, నా 'మ'!" అని అరిచింది. తన పేరులో మొదటి అక్షరం అది. ఇంట్లో పలక మీద మాత్రం చివరి మెలిక మరిచి 'వ' రాస్తుంది. గుర్తుపట్టడం ముందు వస్తుంది, రాయడం తర్వాత. ఇప్పుడు తనకు కావలసింది రోజూ ఒక కథ, చేతికి ఒక సుద్దముక్క.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.