సౌరకుటుంబం చార్టు గారికి ఒక విన్నపం

పాతూరు, అనంతపురం.

మహారాజశ్రీ సౌరకుటుంబం చార్టు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మా అమ్మాయి డ్రాయింగులో యురేనస్‌కూ నెప్ట్యూన్‌కూ ఒకే లేత నీలం వేసింది. బడిలో మార్కులు కోశారు. ఎందుకని అడిగితే గోడకు వేలాడుతున్న తమరిని చూపించారు. తమరి నెప్ట్యూన్ ఇంకు బుడ్డిలో ముంచి తీసినట్టుంది. అందుకే ఈ ఉత్తరం.

అయ్యా, సంబంధాలకు పంపే ఫోటోలో మా స్టూడియో అబ్బాయి మౌస్ నొక్కితే పెళ్ళికూతురు తెల్లబడుతుంది. తమరి నెప్ట్యూన్ కథా అదే. 1989లో వాయేజర్-2 నౌక తీసిన బొమ్మల్లో మబ్బులు, చారలు తేటగా కనబడాలని రంగు పెంచారు. పెంచామని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు కూడా. ఆ మాట దారిలో ఎక్కడో రాలిపోయి, నీలం మాత్రం తమరిదాకా వచ్చింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు హబుల్ టెలిస్కోపు కొలతలతో సరిచూస్తే రెండు గ్రహాలూ ఇంచుమించు ఒకే రంగు, ఆకుపచ్చ కలిసిన లేత నీలం. రెండింటి గాలిలోనూ మీథేన్ వాయువు ఉంది. సూర్యకాంతిలోని ఎరుపును అది మింగేస్తుంది, తిరిగొచ్చేది నీలం పాలు ఎక్కువున్న వెలుగు. యురేనస్ మీద పొగమంచు లాంటి పొర కాస్త మందం కాబట్టి వెలిసినట్టుంటుంది. అంతే తేడా. మరి మా పిల్ల మార్కులు ఎవరిస్తారు, తమరా?

శుక్రుడికి నిప్పులు కక్కే నారింజ పూశారు. 1990ల మొదట్లో మెజెలాన్ నౌక మబ్బుల చాటునున్న నేలను రాడార్‌తో తడిమింది. రాడార్‌కు రంగేం తెలుసు? వెనెరా నౌకలు నేల మీద దిగి తీసిన ఫోటోలను చూసి, ఆ నారింజను ఇక్కడ భూమ్మీద కూర్చుని అద్దారు. బయటి నుంచి మామూలు కంటికి కనబడేది సల్ఫ్యూరిక్ ఆమ్లపు మబ్బులే, పసుపు ఛాయ ఉన్న తెలుపు. గుడిలో నవగ్రహాల దగ్గర శుక్రుడికి తెల్లగుడ్డే కడతారు. తమకన్నా పంతులుగారు నయం. (బుధుడికి పచ్చగుడ్డ కడతారు. ఆయన అసలు రంగు బూడిద. పంతులుగారితో ఆ సంగతి వేరే మాట్లాడుకుంటాను.)

ఇక అంగారకుడు, టమాటా పండు! కళ్యాణదుర్గం రోడ్డున శెనక్కాయ చేలో పిడికెడు మట్టి తెచ్చుకుని చూసి వేసినా ఇంతకన్నా బాగా కుదిరేది. అక్కడైనా ఇక్కడైనా రంగు ఇనుము తుప్పుదే. అక్కడ అదీ పైపూతే. 2013లో క్యూరియాసిటీ రోవర్ ఒక రాతిని వేలెడు లోతు తొలిస్తే బూడిదరంగు పొడి బయటపడింది.

గురుడు, శని అమ్మోనియా మబ్బుల వాళ్ళు. వాళ్ళతో నాకు పేచీ లేదు.

రంగు పెంచడమే తప్పని నేననను. పెంచకపోతే కొన్ని మబ్బులు కంటికే ఆనవు. కానీ అడుగున ప్రెస్సు పేరు, ధర, ‘కాపీ చేసిన వారు శిక్షార్హులు’ అన్న బెదిరింపు పట్టిన చోట ‘రంగులు పెంచినవి’ అన్న రెండు మాటలు పట్టలేదా?

ఇట్లు,
మార్కులు పోయిన పిల్ల తండ్రి

తా.క.: చివర ప్లూటో గారిని ఇంకా తొమ్మిదో గ్రహంగానే నిలబెట్టారు, నీలం చొక్కా తొడిగి మరీ. 2006లో ఆయన హోదా తీసేశారు. 2015లో న్యూ హొరైజన్స్ నౌక దగ్గరికెళ్ళి చూస్తే లేత గోధుమరంగులో ఉన్నాడు. పదవి ఎటూ పోయింది, రంగైనా ఆయనది ఆయనకు ఇప్పించండి.