‘మన ఎండలకి చిక్కటి ఆయిలే’ అన్న మెసేజ్‌కి జవాబు

నెల రోజులుగా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. మా బాబాయి పంపారు, ఆఫీసులో ఇద్దరు పంపారు, చివరికి మా వీధిలో కార్లు కడిగే అబ్బాయి కూడా ఫోన్ చూపించి “నిజమేనా అన్నా?” అని అడిగాడు. అందులో ఉన్నది ఇది: సింథటిక్ ఇంజన్ ఆయిల్ చలి దేశాల కోసం చేసింది, నీళ్ళలా పల్చగా ఉంటుంది, మన 45 డిగ్రీల ఎండకి ఇంజన్ పట్టేస్తుంది. పాత కార్లో పోస్తే రబ్బరు సీళ్ళు తినేసి కారుతుంది. ఒకసారి పోస్తే మళ్ళీ మామూలు ఆయిల్‌కి రాకూడదు, రెండూ కలిస్తే గడ్డకడుతుంది. అదంతా షోరూమ్ వాళ్ళు డబ్బు గుంజడానికే, కాబట్టి ఏ కారుకైనా చిక్కటి 20డబ్ల్యూ-50 పోసి నల్లబడగానే మార్చుకుంటే చాలు. కొన్ని కార్లకి ఈ సలహా నిజంగానే చేటు చేస్తుంది, అందుకే ఇంత ఓపిగ్గా రాస్తున్నాను.

ముందు ఎండ సంగతి. బయట రామగుండంలో 46 డిగ్రీలున్నా, జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 6 డిగ్రీలున్నా, బండి కాసేపు నడిచి వేడెక్కాక లోపల ఆయిల్ ఇంచుమించు 90 నుంచి 110 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంకాస్త పెరుగుతుంది. థర్మోస్టాట్, రేడియేటర్ ఉన్నదే అందుకు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, ముందున్న 5డబ్ల్యూ చలిలో ఎంత పల్చగా ఉంటుందో చెబుతుంది (అంకె తగ్గేకొద్దీ పల్చన), ఆ చివరి 30 అనేది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలో చెప్పే అంకె. సింథటిక్ అయినా మినరల్ (ముడిచమురు శుద్ధి చేసి తీసే మామూలు ఆయిల్) అయినా 30 అని రాశారంటే రెండూ ఆ వేడిలో ఒకే హద్దుల మధ్య ఉండాలి. సింథటిక్‌లో 15డబ్ల్యూ-50 కూడా దొరుకుతుంది, అది మినరల్ 20డబ్ల్యూ-40 కంటే చిక్కన. అంటే ‘సింథటిక్’ అన్న మాట ఆయిల్ ఎలా తయారైందో చెబుతుంది, చిక్కదనం చెప్పేది అంకె. మెసేజ్ రాసినవాళ్ళు ఈ రెండింటినీ కలిపేశారు, మిగతా గందరగోళమంతా అక్కడి నుంచే వచ్చింది.

చిక్కగా ఉంటే మంచిదన్న నమ్మకం మనకి ఎడ్లబండి నాటి నుంచీ ఉంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు, ఆముదంలో మసి కలిపి ఇరుసుకి దట్టంగా పూసేవాళ్ళు, అక్కడ అది సరిపోయేది, ఎందుకంటే ఇరుసుకీ చక్రానికీ మధ్య బోలెడంత సందు. కారు ఇంజన్‌లో క్రాంక్ బేరింగ్ దగ్గర సందు మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్క, చాలా ఇంజన్లలో తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందుకి ఏ చిక్కదనం సరిపోతుందో లెక్కేసే కంపెనీవాడు మాన్యువల్‌లో అంకె రాశాడు.

ఇంకొకటి, ఆయిల్ చల్లారితే చిక్కబడుతుంది, బెల్లం పాకంలాగే. మామూలు 5డబ్ల్యూ-30 కూడా 40 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే దాదాపు ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిని స్టార్ట్ చేసినా, ‘నీళ్ళలాంటి’ ఆ ఆయిల్ ఇంజన్‌కి అవసరమైనదానికంటే చిక్కగానే ఉందన్నమాట. రెండేళ్ళ కింద ఒక గ్యారేజీలో నా కారుకి, మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉన్నా, “ఎండాకాలం కదన్నా, మంచిది పోశా” అని 20డబ్ల్యూ-50 పోశారు. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగం నుంచి టకటకమని మూడు నాలుగు సెకన్ల చప్పుడు, అంతకుముందు ఎప్పుడూ లేనిది. రోజూ పొద్దున అదే. ఇంజన్ పాడైపోలేదు, అబద్ధం చెప్పను, కానీ మళ్ళీ 5డబ్ల్యూ-30 పోసిన రోజు నుంచీ ఆ చప్పుడు లేదు.

సింథటిక్ అమ్మేవాళ్ళ ప్రకటనల్లో మైనస్ 30 డిగ్రీల మంచులో కూడా స్టార్ట్ అవుతుందని చూపిస్తారు చూడండి, అది మనకి అక్కర్లేని గొప్ప. లంబసింగి చలికి ఎవరి ఇంజన్ ఆయిలూ గడ్డకట్టదు. మనకి పనికొచ్చే గుణం వేరే, అది వేడికి తొందరగా మాడదు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే చక్రం) ఉన్న కారులో నిమిషానికి లక్ష చుట్ల పైన తిరిగే ఇరుసుకి ఆయిలే ఆధారం, హైవే మీద తోలుకొచ్చి టక్కున ఆపేస్తే అక్కడ నిలిచిన ఆయిల్ ఉడికిపోతుంది. బజ్జీలు వేసిన మూకుడు అంచున నల్లగా అట్టకట్టే నూనె చూసే ఉంటారు, అలాంటిదే ఆ సన్నటి దారుల్లో పేరుకుంటుంది. మినరల్ ఆయిల్‌లో అది త్వరగా వస్తుంది, సింథటిక్‌లో ఆలస్యంగా. అంటే ఎండకి పనికిరాదని చెప్పిన ఆయిలే వేడిని ఎక్కువ తట్టుకుంటుంది.

సీళ్ళ మాటకొస్తే, ఇందులో పాత నిజం కొంత ఉంది. 1970లలో వచ్చిన తొలి సింథటిక్‌లతో కొన్ని కార్లలో సీళ్ళ దగ్గర కారడం జరిగింది, తరవాత ఫార్ములాలు మార్చారు. ఇప్పుడు జరిగేది వేరు: లక్షన్నర కిలోమీటర్లు తిరిగి ఆయిల్ సరిగా మార్చని ఇంజన్‌లో అరిగిన సీల్ చుట్టూ మడ్డి పేరుకుని అదే బిరడాలా పనిచేస్తుంటుంది, కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేస్తే కారడం బయటపడుతుంది. సీల్ అంతకుముందే పోయింది. ముందు సీల్ మార్పించండి. ఇక ఇంజన్ బోరుకొచ్చి వెయ్యి కిలోమీటర్లకి లీటర్ ఆయిల్ తాగుతుంటే మాత్రం అందులో ఖరీదైన సింథటిక్ పోయడం దండగే, ఆ డబ్బు పనికి దాచుకోండి.

రెండూ కలిస్తే గడ్డకడుతుందన్నది పూర్తిగా తప్పు. ఏపీఐ (ఆయిళ్ళకి నాణ్యత తరగతులు పెట్టే అమెరికా పెట్రోలియం సంస్థ) గుర్తు ఉన్న ఆయిల్ మిగతా ఇంజన్ ఆయిళ్ళతో కలవాలన్నది వాళ్ళ పరీక్షల్లోనే ఉంది, అసలు ‘సెమీ సింథటిక్’ అని అమ్మేదే ఆ మిశ్రమం. వెనక్కి మినరల్‌కి రావచ్చు, మాన్యువల్ ఒప్పుకుంటే.

డబ్బు గుంజడం గురించి కోపం నాకు అర్థమవుతుంది, లీటర్‌కి దాదాపు రెట్టింపు ధర. పైగా ఇప్పుడు ‘ఫుల్లీ సింథటిక్’ పేరుతో వచ్చేవాటిలో చాలావరకు రసాయనాలతో కొత్తగా తయారుచేసినవి కావు, ముడిచమురునే బాగా శుద్ధి చేసి తీసినవి. అమెరికాలో 1999లో ప్రకటనల వివాదం ఒకటి తేలాక అలా పిలవడం మామూలైపోయింది. కాబట్టి ఆ మాట చూసి డబ్బివ్వకండి, డబ్బా వెనక ఉన్న గ్రేడ్, ఏపీఐ ఎస్ఎన్, ఎస్‌పీ లాంటి నాణ్యత తరగతి అక్షరాలు చూడండి. మీ కారుకి 0డబ్ల్యూ-20 రాసి ఉంటే చర్చే లేదు, ఆ గ్రేడ్‌లో మామూలు మినరల్ ఆయిల్ దొరకదు. 2020 తరవాతి బీఎస్6 (కాలుష్య నిబంధన) డీజిల్ అయితే మరీ జాగ్రత్త. పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది, బూడిద తక్కువ వదిలే ఆయిలే వాడాలి, మెసేజ్ నమ్మి ఏదో ఒకటి పోస్తే ఆ బూడిద జల్లెడలో చేరి మళ్ళీ కాలిపోదు, అక్కడే మిగిలిపోతుంది. దాన్ని మార్చడానికయ్యే ఖర్చుతో ఎన్నో ఏళ్ళకి సరిపడా ఆయిల్ కొనుక్కోవచ్చు.

నల్లబడటం కూడా అంతే. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది వందల కిలోమీటర్లకే నల్లగా అవుతుంది, మసిని పట్టుకోవడం దాని పని. భయపడాల్సింది మూత కింద పాలకాఫీ రంగు నురగ ఆగకుండా కనిపిస్తే, గేజ్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే, పెట్రోల్ వాసన వస్తే. మార్చడానికి లెక్క కిలోమీటర్లు, నెలలు. చాలా కార్లకి 10,000 లేదా ఏడాది, ఏది ముందైతే అది. ట్రాఫిక్‌లో, దుమ్ములో తిరిగేవాళ్ళకి చాలా మాన్యువల్స్ అంతకంటే ముందే మార్చమంటాయి. సింథటిక్ పోశాం కదా అని ఏడాది దాటించకండి.

మొన్న ఆదివారం బాబాయి కారు నేనే దగ్గరుండి సర్వీస్ చేయించాను. పాత డీజిల్, టర్బో ఉంది కానీ డీపీఎఫ్ లేదు, మాన్యువల్ తెరిస్తే 15డబ్ల్యూ-40, ఏపీఐ సీహెచ్-4 లేదా అంతకంటే పైది అని ఉంది. అదే మినరల్ ఆయిల్ తెచ్చి ఫిల్టర్‌తో సహా మార్పించాం. “మరి నువ్వు సింథటిక్ అంటివి కదరా?” అన్నారాయన. పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి ఆయన ఫోన్‌లో పెట్టాను. ఖాళీ డబ్బాని ఎవరో ఏరుకెళ్ళి నకిలీ ఆయిల్ నింపకుండా స్క్రూడ్రైవర్‌తో రెండు చోట్ల పొడిచి అక్కడి డ్రమ్ములో వేసి వచ్చాం.