సెనగపిండి సర్టిఫికెట్టు

(కాకినాడ. నవంబర్ నెల, పొద్దున్న ఏడున్నర. వంటింటి గట్టు మీద నాలుగు గిన్నెలు, ఆరు డబ్బాలు, సగం పిండిన నిమ్మకాయ. వాటి మధ్య బనీనుతో సుబ్రహ్మణ్యం గారు. వయసు 66, తపాలా శాఖలో రిటైరయ్యారు. మొహం ఉండాల్సిన చోట పచ్చటి ముద్ద ఉంది, అందులో రెండు కళ్ళున్నాయి. వర్ధనమ్మ గారు పాలపాకెట్లతో లోపలికొస్తారు.)

వర్ధనమ్మ: అమ్మో! ఎవరది?

సుబ్రహ్మణ్యం: (పెదవులు కదపకుండా) నేనేనే. నవ్వించకు, పగులుతుంది.

వర్ధనమ్మ: నవ్వొకటా! గుండె ఆగినంత పనైంది. మొహానికి బజ్జీల పిండి పూసుకున్నారేమిటండీ?

సుబ్రహ్మణ్యం: దీన్ని ఫేస్ ప్యాక్ అంటారు. సెనగపిండి రెండు చెంచాలు, పసుపు ఒక చెంచా, పెరుగు...

వర్ధనమ్మ: పెరుగా? ఏ పెరుగు?

సుబ్రహ్మణ్యం: ఫ్రిజ్‌లో చిన్న గిన్నె అడుగున కాస్త కనిపిస్తే...

వర్ధనమ్మ: అది తోడుకి ఉంచానండీ! ఇప్పుడీ పాలు దేంతో తోడెయ్యను? మీ చెంప గీకి వెయ్యనా?

సుబ్రహ్మణ్యం: పసుపు కలిసింది కదే, తోడుకుంటుందంటావా?

వర్ధనమ్మ: నిజంగానే అడుగుతున్నారు! అసలు ఈ వయసులో ఈ సోకులు ఎవరికి చూపించాలని?

సుబ్రహ్మణ్యం: గవర్నమెంటుకి.

(వర్ధనమ్మ గారు పాలపాకెట్లు గట్టు మీద పెట్టి, పీట లాక్కుని కూర్చుంటారు. ఇది నిలబడి వినే సంగతి కాదని ఆవిడకి అర్థమైంది.)

సుబ్రహ్మణ్యం: లైఫ్ సర్టిఫికెట్టే! పెన్షన్ ఆగకూడదంటే ఈ నెల 30 లోపు ఇవ్వాలి. ఇప్పుడు బ్యాంకుకి పోనక్కర్లేదు. ఫోన్‌లో మొహం చూపించి కళ్ళు ఆర్పితే చాలు, ఆధార్‌తో పోల్చుకుని బతికున్నామని రాసుకుంటుంది. తొమ్మిది రోజులుగా ఆర్పుతున్నాను. ఒప్పుకోదే!

వర్ధనమ్మ: ఎందుకు ఒప్పుకోదూ?

సుబ్రహ్మణ్యం: స్క్రీన్‌లో చూసుకుంటే తెలిసింది. మొహం మసక మసగ్గా, పొగమంచులో గాలిగోపురంలా ఉంది. బొత్తిగా కళ లేదు. అందుకే వీడియోలు చూసి మొదలుపెట్టాను. విచిత్రమేమిటంటే, ప్యాకులు వేసినకొద్దీ మసక ఇంకా పెరుగుతోంది.

వర్ధనమ్మ: అద్దంలో చూసుకోలేకపోయారా?

సుబ్రహ్మణ్యం: అద్దం ఇంట్లో మనిషి, మొహమాటపడుతుంది. ఫోన్‌కి ఆ బాధ లేదు.

వర్ధనమ్మ: అయినా ఆధార్ ఫొటోలా కనబడాలంటే అందం పెంచుకుంటారా ఎవరైనా? అందులో మీరు రెండు రోజులు లాకప్‌లో ఉండి వచ్చినట్టుంటారు.

సుబ్రహ్మణ్యం: లాకప్ అయినా నెత్తి మీద జుట్టుంది అప్పుడు.

వర్ధనమ్మ: సరే, ఆ పసుపు ఎక్కడిది? పోపుల డబ్బాలోదేనా?

సుబ్రహ్మణ్యం: పసుపంటే పసుపే కదా.

వర్ధనమ్మ: అయిపోయింది! అది కూరల పసుపు. అదీ చెంచాడు! మొహానికి చిటికెడు ఎక్కువ. మొహానికి రాసుకునేది కస్తూరి పసుపు, ఆ దుంపే వేరు, రంగు అంతగా అంటదు. మీరు రాసుకున్నది గరిటెని కూడా పచ్చగా చేసేది.

సుబ్రహ్మణ్యం: మరి మీరంతా పేరంటాల్లో ఇదే రాసుకోరూ?

వర్ధనమ్మ: కాళ్ళకి రాసుకుంటాం. మా కాళ్ళని ఏ ఫోనూ గుర్తుపట్టక్కర్లేదు. ముందెళ్ళి కడుక్కోండి.

(సుబ్రహ్మణ్యం గారు సింకు దగ్గర అరగంట నీళ్ళు కొట్టుకుని తిరిగి వస్తారు. పిండి పోయింది, కనుబొమల్లో తప్ప. మొహం మాత్రం బంతిపువ్వులా వెలిగిపోతోంది.)

సుబ్రహ్మణ్యం: రెండుసార్లు సబ్బేశాను. పోలేదే!

వర్ధనమ్మ: పోదు. పసుపు రంగు నీళ్ళలో కరగదండీ, నూనెలో కరుగుతుంది. కూరగిన్నె ఒక్కసారి తోమి ఉంటే మీకూ తెలిసేది. కొబ్బరినూనె రాసుకుని మెత్తటి గుడ్డతో తుడవండి. ఇంకా మిగిలితే పొద్దుటెండలో కాసేపు కూర్చోండి, అదే వెలుస్తుంది. పసుపు మరక పడ్డ పంచె ఎండలో ఆరేస్తే పోవట్లేదూ?

(ఆయన అరచేతి నిండా నూనె పోసుకుని మొహానికీ, పనిలో పనిగా నెత్తికీ రాసుకుని, అదే చేత్తో ఫోన్ తీస్తారు.)

సుబ్రహ్మణ్యం: ఎండదాకా ఎందుకు? ఇందులో ఇంకో చిట్కా ఉంది. నిమ్మరసంలో తినే సోడా. (గిన్నెలో కలుపుతారు. బుస్సున పొంగుతుంది.) చూశావా! మురికి మీదికి ఎలా లేస్తోందో!

వర్ధనమ్మ: ఇంకా మీ మొహం దాకానే రాలేదు, ఏ మురికిని చూసి లేచిందట? పులుపూ సోడా కలిస్తే గ్యాసు వస్తుంది, పొంగుతుంది. చల్లారాక రెండిట్లో దేని పసా సరిగ్గా మిగలదు.

సుబ్రహ్మణ్యం: అయితే విడివిడిగా రాసుకుంటాను.

వర్ధనమ్మ: విడిగా ఇంకా పాపం. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ. చర్మం ఉండేది పీహెచ్ 5 దగ్గర. నిమ్మరసం 2. సోడా నీళ్ళు 8 దాటుతాయి. పొద్దున్న అటు, సాయంత్రం ఇటు గుంజితే ఏమవుతుంది? మంట, పొట్టు లేవడం. అందులోనూ నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలొచ్చి నల్లమచ్చలు పడతాయి. అవి నెలల తరబడి పోవు.

సుబ్రహ్మణ్యం: ఈ పీహెచ్‌లన్నీ నీకెక్కడివే?

వర్ధనమ్మ: ప్రైవేటు స్కూల్లో 22 ఏళ్ళు సైన్సు చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి "కూరేంటి" అన్నారేగానీ "పాఠమేంటి" అని ఒక్కనాడూ అడగలేదు. నాకు పెన్షన్ లేదు కనక సరిపోయింది, నేను బతికున్నానో లేదో ఎవరికీ చెప్పక్కర్లేదు.

(సుబ్రహ్మణ్యం గారు ఈ మాట విననట్టు పై అర వైపు చూస్తారు. పెళ్ళైన మగవాళ్ళకి పై అరల మీద ఇలాంటప్పుడే ఆసక్తి పుడుతుంది.)

సుబ్రహ్మణ్యం: ఆ డబ్బాలో సున్నిపిండి ఉన్నట్టుందే?

వర్ధనమ్మ: ముట్టుకోకండి. అది ఒంటికి. పెసలూ సెనగపప్పూ బరకగా పట్టించాను. మొహానికి ఆ బరక గీసుకుపోతుంది. పైగా అందులో బావంచాలున్నాయి.

సుబ్రహ్మణ్యం: ఉండాలిగా? మా అమ్మ బావంచాలూ కచ్చూరాలూ లేకుండా సున్నిపిండి కొట్టించేది కాదు. డబ్బా మూత తీస్తే వీధి చివరికి వాసన.

వర్ధనమ్మ: తలంటు రోజు ఒళ్ళు రుద్దుకుని కడిగేసుకుంటే బావంచాలతో ఏ పేచీ లేదు. మొహానికి పట్టించుకుని అరుగు మీద కూర్చుంటేనే గొడవ. ఆ గింజ తగిలిన చర్మం ఎండకి ఇట్టే కమిలిపోతుంది. బొల్లి మచ్చలకి అది రాసి ఎండ చూపించేది అందుకే. అయినా సున్నిపిండి మాట మీరెత్తడమేమిటండీ? 1998 దీపావళి మర్చిపోయారా?

సుబ్రహ్మణ్యం: అది పిండిమర వాడి తప్పు.

వర్ధనమ్మ: వాడి తప్పా! ఎండుమిరపకాయలు పట్టిన వెంటనే పొయ్యొద్దు, ముందు ఎవరివైనా బియ్యం పట్టనివ్వండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాను. మీరేమో క్యూ లేదని సంబరపడి పోయించారు. ఇంటిల్లిపాదీ తెల్లవారుజామున తలంటు. మీ చెల్లెలు నూతి పళ్ళెం మీద భరతనాట్యం. మీ బావగారు తడి తువ్వాలుతో వీధిలోకి పరిగెట్టారు. ఆ పైన మతాబాలు కాల్చిందెవరు? అందరం మజ్జిగ పూసుకుని కూర్చున్నాం.

సుబ్రహ్మణ్యం: (గంభీరంగా) రంగు మాత్రం వచ్చింది అందరికీ.

వర్ధనమ్మ: ఎరుపు!

(కాసేపు ఇద్దరూ నవ్వుతారు. ముందు ఆపింది వర్ధనమ్మ గారు. సింకులో నీళ్ళు దిగకుండా నిలబడి ఉండటం ఆవిడ కంట పడింది.)

వర్ధనమ్మ: ఈ అడుసేమిటండీ?

సుబ్రహ్మణ్యం: ముల్తానీ మట్టి. నిన్నటిది. ఏమే, ఇది పాకిస్తాన్ నుంచి వస్తుందా?

వర్ధనమ్మ: ముల్తాన్ అక్కడే ఉంది. మట్టి రాజస్థాన్‌లోనూ తవ్వుతారు. ఎంతసేపు ఉంచుకున్నారు?

సుబ్రహ్మణ్యం: క్రికెట్ చూస్తూ పడుకున్నాను. లేచేసరికి చెరువు ఎండినట్టు నెర్రెలిచ్చింది. నోరు తెరవలేకపోయాను.

వర్ధనమ్మ: అందుకా నిన్న రాత్రి ఇల్లంత ప్రశాంతంగా ఉంది! అది నూనె పీల్చే మట్టి. మొటిమల కుర్రాళ్ళకైతే సరే, వాళ్ళైనా పది నిమిషాల్లో, తడి ఉండగానే కడిగెయ్యాలి. మీ మొహంలో నూనె ఎక్కడుందీ, బజ్జీలు తిన్నాక మూతి చుట్టూ తప్ప?

సుబ్రహ్మణ్యం: అన్నీ వద్దంటావు. ఏదో ఒకటి చెయ్యమని చెప్పవే తల్లీ.

వర్ధనమ్మ: చెప్తే ఆగుతారా? గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కోండి, సబ్బుతో తోమకండి. తుడుచుకున్నాక ఆ కాస్త చెమ్మ మీదే నాలుగు చుక్కల నూనె. నాలుగే, గిద్దెడు కాదు. బయటికెళ్తే సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 చాలు. చెవులకీ, ఆ నున్నటి నెత్తికీ కూడా. ఇక ఏ కొత్తది రాసినా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. దురద పెడితే మొహం జోలికే పోవద్దు.

సుబ్రహ్మణ్యం: ఇలా చేస్తే కళ ఎన్నాళ్ళకొస్తుంది?

వర్ధనమ్మ: పైపొర రాలి కొత్తది రావడానికి వయసు పిల్లలకే నాలుగు వారాలు. మీకు ఇంకా ఎక్కువే.

సుబ్రహ్మణ్యం: నాలుగు వారాలా! నాకున్నది పదకొండు రోజులు! ఈలోగా పెన్షన్ ఆగితే?

వర్ధనమ్మ: అప్పుడు బజ్జీలకి పిండి కూడా ఉండదు. ఏదీ, ఆ ఫోన్ ఇలా ఇవ్వండి.

(ఫోన్ అందుకుంటారు. చేతిలోంచి జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటారు. కవరు మూలల్లో సెనగపిండి అట్టకట్టింది. స్క్రీన్ మీద నూనె వేలిముద్రలు. పైన ఆవగింజంత కెమెరా కన్ను. దాని మీద పసుపు, నూనె, మట్టి, తొమ్మిది రోజుల వైద్యం పొరలు పొరలుగా ఉన్నాయి. వర్ధనమ్మ గారు కళ్ళజోడు సవరించుకుని ఆ చుక్కనీ, మొగుడి మొహాన్నీ మార్చి మార్చి చూస్తారు.)

వర్ధనమ్మ: రోజూ నెత్తికి నూనె రాసుకుని ఆ చేత్తోనే ఫోన్ పట్టుకుంటారు కదూ?

సుబ్రహ్మణ్యం: చేతులు రెండే ఉన్నాయి మరి.

(ఆవిడ కొంగు చివర కాస్త తడిపి కెమెరాని తుడుస్తారు. కొంగు మీద పచ్చటి మరక.)

వర్ధనమ్మ: ఇటు తిరగండి. కిటికీ వీపు వెనక పెట్టుకుంటారేం? వెలుగు మొహం మీద పడాలి. కళ్ళజోడు తియ్యండి. ఊఁ, ఇప్పుడు చూడండి.

సుబ్రహ్మణ్యం: (స్క్రీన్‌లోకి చూసి, చాలాసేపటి తర్వాత) ఏమే... నేను మరీ ఇంత పచ్చగా ఉన్నానా?

వర్ధనమ్మ: మాట్లాడకండి. కళ్ళు ఆర్పండి.

(ఆర్పుతారు. ఫోన్‌లో చక్రం తిరుగుతుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. టిక్కు మార్కు పడుతుంది.)

సుబ్రహ్మణ్యం: ఒప్పుకుంది! వర్ధనీ, బతికే ఉన్నానే!

వర్ధనమ్మ: ఉన్నారుగా, రండి. ఈ సింకు కడగండి. జాలీలో సగం ముల్తాన్ ఉంది. నేను పక్కింటికెళ్ళి కాస్త తోడు అడిగి తెస్తాను.