గార్బోకి గొంతిచ్చిన మనిషి పేరు ఎక్కడ?

1930, 40ల్లో ఇటలీలో సినిమా తారల ఫొటో పోస్ట్‌కార్డులంటే జనానికి పిచ్చి, ఫ్లోరెన్స్‌లోని బల్లెరినీ అండ్ ఫ్రాతినీ లాంటి సంస్థలు వాటిని అచ్చువేసేవి. అలాంటి పాత కార్డు మీద టీనా లాటంజీ కనిపిస్తే ఇవాళ చాలామంది ఎవరో పాతకాలం నటి అనుకుని ఊరుకుంటారు. కానీ అప్పటి ఇటలీ ప్రేక్షకులకి ఆమె ముఖం కన్నా గొంతే ఎక్కువ పరిచయం. హాలీవుడ్ తార గ్రెటా గార్బో వాళ్లకి ఇటాలియన్‌లో మాట్లాడింది ఎక్కువగా ఈమె గొంతుతోనే. డిస్నీ కార్టూన్ సినిమా 'స్నో వైట్'కి 1938లో చేసిన ఇటాలియన్ డబ్బింగ్‌లో, అద్దాన్ని నిలదీసే దుష్ట రాణి గొంతు కూడా ఈమెదే.

ఈ డబ్బింగ్ అంతా రాజకీయం వల్ల మొదలైంది. 1930లో ముస్సోలినీ ప్రభుత్వం సినిమాల్లో విదేశీ భాష వినపడకూడదంది. దాంతో కొన్నాళ్లు హాలీవుడ్ టాకీల్లో మాటలు తీసేసి, మధ్యమధ్యలో రాత కార్డులు పెట్టి ఆడించారు, చదవడం రానివాళ్ల గతి ఏంటో ఆలోచించండి. 1933లో డబ్బింగ్ ఇటలీలోనే జరగాలని చట్టం తెచ్చారు. రోమ్ స్టూడియోల్లో నాటకాల వాళ్లకి చేతినిండా పని దొరికింది. చిన్న ఫిల్మ్ ముక్కని లూప్‌లో మళ్లీమళ్లీ వేస్తుంటే, ఇంకొకరి పెదాల కదలికకీ ఊపిరికీ తన మాటని సరిపెట్టి, అందులోనే ఏడవాలి, నవ్వాలి, బెదిరించాలి. దీన్ని తక్కువ రకం నటన అంటే నేను ఒప్పుకోను.

అయినా ఆ రోజుల్లో టైటిల్స్‌లో వీళ్ల పేర్లు వేసేవాళ్లు కాదు. అంతకన్నా బాధ కలిగించేది, 1972లో ఇటలీలో 'స్నో వైట్'కి కొత్తగా డబ్బింగ్ చెప్పించడం. లాటంజీ గొంతు పక్కకెళ్లిపోయింది, ఆ తర్వాతి తరాల పిల్లలు వేరే రాణిని విన్నారు.

మన దగ్గరా పరిస్థితి మరీ వేరుగా లేదు. ఎంతోమంది హీరోయిన్లకి డబ్బింగ్ చెప్పిన రోజారమణిని జనం గుర్తుపడుతున్నారంటే, 'భక్త ప్రహ్లాద'లో ఆ పిల్లవాడి ముఖం మనసులో నిలిచిపోవడం పెద్ద కారణం. తెర మీద ఎప్పుడూ కనపడని డబ్బింగ్ కళాకారులకి ఆ అదృష్టం కూడా లేదు. నంది అవార్డుల్లో డబ్బింగ్‌కి విడిగా బహుమతి పెట్టడం మంచి పనే, కానీ అది ఏడాదికి ఒకరిద్దరికి అందేది.

పాత సినిమాలని బాగుచేసి మళ్లీ విడుదల చేసేవాళ్లు బొమ్మ మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా గొంతు మీద పెట్టాలి. మొదటి డబ్బింగ్‌ని విడి ఆడియో ట్రాక్‌గా ఉంచండి, ఏ పాత్రకి ఎవరు చెప్పారో టైటిల్స్‌లో వేయండి. డబ్బింగ్ చెప్పినవాళ్లు, రికార్డు చేసినవాళ్లు బతికుండగానే వాళ్లని అడిగి ఆ వివరాలు రాసుకోవాలి.